సొరుగులు బిగిసిన రోజులు

4106వ రోజు

పనిముట్ల పుస్తకం రాసే బాధ్యత ఇవాళ్టి నుంచి నాది. చెక్కపని సంఘంలో పదకొండుమందిమి ఉన్నాం. చీట్లు వేస్తే నా పేరు వచ్చింది. వచ్చింది అనడం నా మర్యాద. పదకొండు చీట్ల మీదా నా పేరే రాశారని, చీట్లు మడిచిన జుబేదా మొహం చూస్తేనే తెలిసిపోయింది.

పదునున్న వస్తువు ఏదైనా సరే, ఎవరు తీసుకున్నారో, ఏ పనికి తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి పెట్టారో రాయాలని భద్రతవాళ్ల షరతు. ఆరువందల నలభైమంది ఒకే కప్పు కింద, ఒకే గాలి పీల్చుకుంటూ బతికే ఎర్రమెట్టలో ఆ మాత్రం జాగ్రత్త తప్పేం కాదు. కుడివైపు పేజీలో గళ్లున్నాయి. ఎడమవైపు పేజీ ఖాళీ. ఖాళీ పేజీ చూస్తే నా చెయ్యి ఊరుకోదు కాబట్టి ఇది రాస్తున్నాను.

నా పేరు భ్రమరాంబ. వయసు నలభై ఎనిమిది. అంగారకుడి మీదికి వచ్చి ఎనిమిదేళ్లయింది. బయటికెళ్లేవాళ్ల సూట్లకు కుట్లు వేయడం నా ఉద్యోగం. నేను వేసిన కుట్టు ఇంతవరకూ ఊడలేదు. చెక్క దగ్గర మాత్రం సంఘం మొత్తానికి చివరిదాన్ని నేనే. నేను రంపం పట్టుకుంటే పక్కవాళ్లు కాళ్లు వెనక్కి తీసుకుంటారు.

అయినా ఇవాళ ఒక శుభం జరిగింది. ఏడు నెలలుగా చేస్తున్న దారాల పెట్టె పూర్తయింది. తోటలో కొట్టేసిన నేరేడు కొమ్మలతో చేసినది. మూడు సొరుగులు. ఒక్క వేలితో నెడితే మెత్తగా లోపలికి వెళ్లిపోతున్నాయి. చెంచా నుంచి తలుపు దాకా అచ్చుగదిలో అడిగిన కొలతకి తయారై వస్తుంటే ఈ తిప్పలెందుకని అడిగేవాళ్లని పిలిచి, ఆ సొరుగు ఒకసారి నెట్టి చూడమన్నాను. నెట్టినవాళ్లు మళ్లీ అడగలేదు.

సోమలింగం బాబాయి కూడా నెట్టి చూశాడు. ఆయన మాకు గురువు. అరవై మూడేళ్లు. భూమ్మీద ఇరవై ఏళ్లు బొగ్గుగనిలో పనిచేసి, ఇక్కడికి డ్రిల్లు నడపడానికి మొదటి జట్టుతో వచ్చినవాడు. మా రోజుల లెక్క ఆ జట్టు దిగిన నాటి నుంచే. "పరవాలేదమ్మా," అన్నాడు. ఆయన నోట అది పెద్ద మాటే.

4113వ రోజు

పై సొరుగు రావడం లేదు. లాగితే పెట్టె మొత్తం బల్ల మీద నడిచొచ్చింది తప్ప సొరుగు కదల్లేదు.

వర్క్‌షాపుకి మోసుకెళ్లాను. సోమలింగం బాబాయి అటూ ఇటూ తిప్పి చూసి, "ఆరని సెక్క ఎట్టీసినావు. తొందర. నీకన్నీ తొందరే," అన్నాడు.

"ఆరు నెలలు ఆరబెట్టాను బాబాయ్."

"మరైతే కొలత తప్పినావు."

పెట్టె పూర్తయిన రోజున 'పరవాలేదు' అన్న మనిషే ఈయన. కొలత తప్పితే ఆరోజే బిగియాలి కదా అని అడుగుదామనుకుని, గురువుతో వాదనెందుకని ఊరుకున్నాను. చిత్రిక తీసుకుని సొరుగు పైఅంచు రెండు పొరలు గీకాను. చెవిరింగుల్లా చుట్టుకుంటూ పొట్టు లేచింది. సొరుగు మళ్లీ నడిచింది. పుస్తకంలో నా పేరు నేనే రాసుకున్నాను: చిత్రిక, భ్రమరాంబ, సొరుగు సవరణకు.

4121వ రోజు

ఈసారి మూడు సొరుగులూ బిగిశాయి. మళ్లీ గీకాను. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం కొత్తగా వచ్చిన జట్టువాళ్లు వర్క్‌షాపు చూడటానికి వచ్చారు. వచ్చినవాళ్లెవరైనా సోమలింగం బాబాయి పెట్టె చూడకుండా వెళ్లరు. ఒక్క మేకు లేకుండా చేసిన జామకర్ర పెట్టె అది. మూత పైన పెట్టి వదిలేస్తే దభీమని పడదు. లోపలి గాలి మీద తేలుతూ, పక్షి వాలినట్టు నెమ్మదిగా దిగి కూర్చుంటుంది. అంత బిగువుగా, అంత నునుపుగా చెక్కాడు మహానుభావుడు.

"ఇవాళ సూపలేను. నడుం పట్టీసింది," అన్నాడు.

మూత ఎత్తడానికి నడుమెందుకో నాకు అర్థం కాలేదు. జుబేదా వైపు చూశాను. ఆమె క్యాంటీన్‌లో రొట్టెలు చేస్తుంది, ఏ విషయం మీదైనా ఒక మాట అనకుండా ఉండలేదు. అలాంటిది తల వంచుకుని ఉలి సానబెడుతోంది. ఆ ఉలిని పొద్దున్నే సానబెట్టింది.

4126వ రోజు

ఇవాళ పొద్దున పుస్తకం నెలవారీ లెక్క తీయబోయి ఆగిపోయాను. గడిచిన పన్నెండు రోజుల్లో చిత్రిక పందొమ్మిదిసార్లు బయటికి వెళ్లింది. అంతకుముందు నెలంతా కలిపి ఆరుసార్లు. కొత్త పని ఎవరూ మొదలుపెట్టలేదు. 'ఏ పనికి' అనే గడిలో అందరూ ఒకటే ముక్క రాశారు: చిన్న సవరణ. అందరికంటే ఎక్కువ, ఐదుసార్లు తీసుకున్నది సోమలింగం బాబాయి. అన్నీ తెల్లవారి ఆరుగంటలకే, వర్క్‌షాపులో ఎవరూ ఉండని వేళ.

టీ వేళకి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాను.

"నా సొరుగులు రెండుసార్లు బిగిశాయి. రెండుసార్లూ గీకాను. సిగ్గేసి చెప్పలేదు. మీ అందరి సంగతేంటి?"

జుబేదా టీ గ్లాసు కింద పెట్టింది.

"నా పోపులపెట్టె మూత రాకుంటే అప్పడాలకర్రతో కొట్టినా అక్కా. అంచు విరిగిపాయ. నాకి పని చేతగాలేదని అనుకుంటా ఉండా. ఎవురికి చెప్పుకోవాల?"

ఆ మాటతో మొదలైంది. ఒకరి స్టూలు కాలు పగిలిందట, ఇంకొకరి కిటికీ చట్రం ఉబ్బిందట. ఎవరికి వాళ్లు తమ చేతిపనే బాగాలేదనుకుని, మూడోకంటికి తెలియకుండా గీక్కుంటున్నారు. చివరికి అందరి చూపూ సోమలింగం బాబాయి మీద పడింది. ఆయన లేచివెళ్లి జామకర్ర పెట్టె తెచ్చాడు. మూత పైన పెట్టాడు. అది కదల్లేదు. అరచేత్తో నొక్కాడు. అయినా కదల్లేదు.

"పదేను రోజులయ్యింది," అన్నాడు. "ముసిలోణ్ణయిపోనాను, సేతులు పోనాయి అనుకున్నాను. పడుకుంటే నిద్దర నేదు."

జుబేదాకి నవ్వాగలేదు. ఆమె నవ్వితే గోడలు కూడా నవ్వాలి. రెండు నిమిషాల్లో పదకొండుమందిమీ కళ్లు తుడుచుకుంటున్నాం. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు సోమలింగం బాబాయి. పదిహేను రోజుల బరువు దిగిపోయింది మరి.

నవ్వు తగ్గాక ఆయనే అన్నాడు. "అయితే మన సేతులది కాదు తప్పు. సెక్క ఉబ్బతంది. సెక్క ఉబ్బిందంటే ఎక్కడో తడుంది."

4127వ రోజు

గాలి విభాగానికి వెళ్లాం, నేనూ సోమలింగం బాబాయీ. ఏసుపాదం గారు దాని అధికారి. మంచి మనిషి, మర్యాదస్తుడు. మమ్మల్ని కూర్చోబెట్టి తెర చూపించాడు.

"చూడండమ్మా, గాలిలో తేమ నలభై శాతం. రెండేళ్లుగా ఇదే గీత. వెంట్రుకవాసి కూడా కదల్లేదు."

"మీ యంత్రాలు ఎక్కడ పెట్టారండీ?" అని అడిగాను.

"పైకప్పులోనండి. గాలి వచ్చే గొట్టాల పక్కన."

"మా పెట్టెలు నేల మీద ఉంటాయి."

ఆయన నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు. "కొయ్యపెట్టె బిగిసిందని నేను నేల తవ్విస్తే నన్ను భూమికి పంపించేస్తారండి. ఏదైనా కొలత పట్టుకురండి. తప్పకుండా చూస్తాను."

బయటికి రాగానే సోమలింగం బాబాయి, "కొలత కావాలంట. ఇస్తాం," అన్నాడు.

4129వ రోజు

రెండు రోజులుగా సంఘం మొత్తం ఒకే పని మీద ఉంది. ఇంత సంతోషంగా మేమెప్పుడూ పని చేయలేదు.

చెక్క తడి తాగితే పొడుగు పెరగదు, వెడల్పు పెరుగుతుంది. అందుకని కాగితమంత పల్చటి బద్దలు రెండు తీసుకుంటాం. ఒకదాని నార నిలువుగా ఉంటుంది, ఇంకోదాని నార అడ్డంగా. రెండిటినీ జిగురుతో అతికిస్తే, తడి తగిలినప్పుడు అడ్డనారది సాగుతుంది, నిలువునారది సాగదు. ఆ పేచీలో బద్ద వంగుతుంది. ఎంత వంగితే అంత తడి. ఇది బాబాయి గనిలో పనిచేసే రోజుల్లో సరదాకి చేసిన బొమ్మట.

నిలువునార బద్దలు తీయడం తేలిక. అడ్డంగా తీస్తే పొడిపొడిగా రాలిపోతాయి. ఎవరి వల్లా కాలేదు. నేను పాత సూటుగుడ్డ చెక్కకి అతికించి, గుడ్డతో సహా చిత్రిక పట్టాను. పొర చిరగకుండా నిలిచింది. తర్వాత గుడ్డ ఊడదీసేశాను. బాబాయి ఆ బద్దని వెలుతురుకి ఎత్తిపట్టి చాలాసేపు చూశాడు.

"కుట్టుపనోళ్ల బుర్ర," అన్నాడు. "నాకు తట్టనేదు."

ఎనభై బద్దలు చేశాం. జుబేదా నేలకి జానెడెత్తున, నడవాలన్నిటిలో, క్యాంటీన్లో, పడకగదుల దగ్గర అతికించుకుంటూ వెళ్లింది. ఏమిటిదని అడిగినవాళ్లకి "దిష్టికి" అని చెప్పిందట. ఒక్కరు కూడా పీకలేదు.

4131వ రోజు

పొద్దున్నే తిరిగి చూశాం. తోట దగ్గర బద్దలు తిన్నగా ఉన్నాయి. క్యాంటీన్ దగ్గర కొంచెం వంగాయి. మా వర్క్‌షాపు దగ్గర ధనుస్సులా ఉన్నాయి. దాని పక్కనే, పెద్ద నీళ్లట్యాంకు కిందికి వెళ్లే నడవలో బద్దలు గుండ్రంగా చుట్టుకుని ఉంగరాలైపోయాయి.

ఎర్రమెట్ట పటం గీసి, ఒక్కో బద్ద ఎంత వంగిందో అంకె వేసుకుని ఏసుపాదం గారి ముందు పెట్టాను. ఆయన ఈసారి నవ్వలేదు. పటం పట్టుకుని ట్యాంకు నడవకి నడిచాడు. మోకాళ్ల మీద కూర్చుని నేలపలకల అతుకుల మీద చెంప ఆనించాడు.

"వెచ్చగా ఉంది," అన్నాడు.

ఎర్రమెట్ట కింద మట్టిలో గట్టి మంచు ఉంటుంది. ఇక్కడి నేల నిలబడిందే ఆ మంచు మీద. అక్కడ వెచ్చగా ఉండకూడదు.

నేలపలకకి చిన్న బెజ్జం వేశారు. అన్నం కుండ మూత తీసినట్టు ఆవిరి వచ్చింది. దారానికి దీపం కట్టి బెజ్జంలోంచి వదిలాం. మనిషి ఛాతీ లోతు దిగాక బండ తగిలింది. మధ్యలో అంతా ఖాళీ. వేడినీళ్ల గొట్టం ఒకటి చిట్లి, ఎన్నాళ్లనుంచో మంచుని కరిగించుకుంటూ పోయింది. ట్యాంకు తూర్పుమూల కింద ఏమీ లేదు. ఎర్రమెట్ట తాగే నీళ్లన్నీ ఆ ట్యాంకులోనే ఉన్నాయి.

ఏసుపాదం గారి మొహం పాలిపోయింది. గొట్టం మూయించి, ట్యాంకు ఖాళీ చేయించడం వెంటనే మొదలుపెట్టాడు. మిగతా చిన్న తొట్లలో పట్టేది సగమే. ఇనుప స్తంభాలు కావాలని అచ్చుగదికి చెబితే పది రోజులు పడుతుందన్నారు. ట్యాంకు మూల పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య ఒక వేలు కిందికి దిగింది.

"పది రోజులు ఆగదండీ అది," అన్నాడు ఏసుపాదం గారు.

సోమలింగం బాబాయి వంగి బెజ్జంలోకి చూశాడు. "నా ఏప దుంగ ఉంది," అన్నాడు.

రెండేళ్ల క్రితం తోటలో ఒరిగిపోయిన వేపచెట్టు కాండం అది. నిండుగా ఆరింది. పెద్ద హాల్లో అందరూ ఊగేలా ఉయ్యాలబల్ల చేస్తానని, ఎవరు అడిగినా ముక్క ఇవ్వకుండా దాచుకున్నాడు.

"కర్ర ఆగుతుందా బాబూ అంత బరువుకి?" అని ఏసుపాదం గారు మెల్లగా అడిగాడు.

"గనిలో నా నెత్తిమీద కొండని ఆపింది కర్రేనండి. ఇనుము సెప్పకుండా ఇరిగిపోతాది. కర్ర అలా కాదు, ముందు అరుస్తాది. పారిపోడానికి టైమిస్తాది."

4132వ రోజు

నిన్న మధ్యాహ్నం నుంచి ఇవాళ పొద్దెక్కేదాకా రంపం ఆగలేదు. ఇద్దరు కోస్తుంటే ఇద్దరు కూర్చున్నారు, మళ్లీ మారారు. దుంగ నుంచి నాలుగు గుంజలు వచ్చాయి. గుంజకీ బండకీ మధ్య బిగించడానికి జత చీలలు చెక్కాం. ఏటవాలుగా చెక్కిన రెండు చీలల్ని ఎదురెదురుగా కొడితే గుంజ పైకి లేచి బరువు ఎత్తుకుంటుంది.

నేలపలక ఊడదీస్తే తెరుచుకున్న గుంటలోకి ఇద్దరే పడతారు. సోమలింగం బాబాయి ముందే దిగేశాడు. రెండో మనిషి సన్నగా ఉండాలి, ఇరుకులో చేతులు ఆడాలి. అందరూ మర్యాదకి ఇటూ అటూ చూశారు. ఇరుకు సూట్లలో తలదూర్చి కుట్లు వేసేది నేనే కదా అని నేనే దిగాను.

కింద బురద, ఆవిరి. చతికిలబడి కూర్చుంటే నెత్తికి మూరెడెత్తున ట్యాంకు అడుగు. నేను గుంజని నిటారుగా పట్టుకుంటే బాబాయి చీలలు కొట్టాడు. ఇక్కడ బరువులు తేలిక కాబట్టి సుత్తి దెబ్బ దిగదు. భూమ్మీద రెండు దెబ్బలు చాలేచోట ఆరు వెయ్యాలి. మొదటి గుంజ నిలిచింది. రెండోదీ నిలిచింది. మూడోది బిగించేటప్పుడు నా చేతుల్లోనే కర్ర 'కిర్ర్' మంది.

నిచ్చెన వైపు చూశాను.

"అది అరుపు కాదమ్మా," అన్నాడు బాబాయి, చేతిలో సుత్తి ఆపి. "గుంజగాడు బరువు ఎత్తుకున్నాడు, ఊపిరి ఒగ్గినాడు. అరుపయితే నీకు నాను సెప్పక్కర్నేదు. నీ కాళ్లకే తెలిసిపోతాది."

"మీకెలా తెలుసు తేడా?"

"ఓసారి పరిగెత్తినాను గదా. ముగ్గురం ఉన్నాం. ముగ్గురం బతికినాం."

మళ్లీ సుత్తి ఎత్తాడు. నేను గుంజని మళ్లీ గట్టిగా పట్టుకున్నాను. నాలుగోది కూడా నిలబెట్టాం. పైకొచ్చేసరికి నడవ నిండా జనం. ఏసుపాదం గారు ట్యాంకు మూల మీద గీసిన గీత దగ్గర కూర్చుని కొలత చూస్తున్నాడు. గంటసేపు చూశాడు.

"ఆగింది," అన్నాడు చివరికి.

జుబేదా రెండు చేతులా రొట్టెల గంప ఎత్తుకొచ్చి, బురదచేతులతో ఉన్న నాకూ బాబాయికీ చిన్నపిల్లలకి పెట్టినట్టు నోట్లో పెట్టింది.

4139వ రోజు

తలకి రోజుకి నాలుగు గ్లాసుల నీళ్లు. స్నానాలు లేవు. ఎర్రమెట్ట మొత్తం గొర్రెల దొడ్డి వాసన వేస్తోందని జుబేదా అంటోంది.

గాలి మాత్రం ఆరింది. అసలు తమాషా ఇప్పుడు. చెక్క ఉబ్బినప్పుడు అందరం గీకేశాం కదా, ఇప్పుడు సొరుగులన్నీ వదులు. నా దారాల పెట్టె ఎత్తితే గలగలమంటోంది. బాబాయి పెట్టె మూత తేలడం మానేసి టప్పున పడుతోంది. కొత్త మూత చేస్తానంటున్నాడు. చేతులు బాగానే ఉన్నాయి కదా ఇప్పుడు.

ఏసుపాదం గారు సంఘంలో చేరారు. మొదటి రోజే ఉలితో బొటనవేలు కోసుకుని, పుస్తకంలో ఆ సంగతి స్వయంగా రాశారు. రెండొందల బద్దలు కావాలని గాలి విభాగం తరఫున అడిగారు. అందరం కలిసి చేద్దామన్నాం. ఆయన చేసిన మొదటి బద్ద తడి లేకుండానే వంగిపోయింది. ఎవరూ నవ్వలేదు. నేనొక్కదాన్నే నవ్వాను. ఇన్నాళ్లకి సంఘంలో నా తర్వాత ఒకరున్నారు.

4144వ రోజు

ఇనుప స్తంభాలు నిలబెట్టారు. నిన్నటికి మంచు కూడా మళ్లీ గట్టిపడింది. ఇవాళ ట్యాంకు నింపి, వేపగుంజల కింద చీలలు ఊడగొట్టాం. ఒక్కొక్కటే వదులైంది. బరువు స్తంభాల మీదికి దిగింది. కొలతగీత కదల్లేదు. గుంజలు పైకి తెస్తే వాటి తలల మీద ట్యాంకు అడుగు అచ్చు లోతుగా పడి ఉంది. బాబాయి అరచేత్తో ఆ గుంటలు తడిమి, "మూరెడు పోయినా, మిగతాది బెంచీలకి పనికొస్తాది," అన్నాడు. ఉయ్యాలబల్ల మాట ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

సాయంత్రం స్నానాలగది తెరిచారు. మనిషికి నాలుగు నిమిషాలు, రూలు రూలే. నడవ చివరిదాకా వరస. తువ్వాళ్లు భుజాల మీద వేసుకుని రెండొందలమంది. మొదటి స్నానం సోమలింగం బాబాయికని ఏసుపాదం గారే తీర్మానించారు. నాకెందుకు, ఆడోళ్లు ముందు అని బాబాయి కాసేపు గునిశాడు. జుబేదా వెనకనుంచి నెట్టి తలుపు వేసింది.

నీళ్ల చప్పుడు వినిపించింది. కాసేపటికి పాట మొదలైంది. గనిలో పాడుకునే పాటో ఏమో, ఎవరికీ తెలిసింది కాదు, శ్రుతిలోనూ లేదు. నాలుగు నిమిషాలయింది. పది అయింది. పాట రెండో చరణంలోకి వెళ్లింది. కాపలా ఉన్న కుర్రది ఏసుపాదం గారి వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు.

ఇరవై రెండు నిమిషాలు పాడాడు మా గురువు. రెండొందలమందిలో ఒక్కరు కూడా తలుపు కొట్టలేదు.